కన్నం లేని రివాల్వర్

అమెరికాలోని చికొపీ ఊళ్ళో రివాల్వర్లు చేసే ఫ్యాక్టరీలో బ్రోనెక్ పాలిష్ పెట్టిన ఇనుము చూసి తల దువ్వుకోవచ్చు అనేవారు. నీలి నలుపు రంగు ఎక్కించేది వేరేవాళ్ళు. కింద ఇనుము నునుపు కాకపోతే ఆ రంగంతా బూడిదలో పోసిన పన్నీరే.

చాలా ఏళ్ళుగా అక్కడి రివాల్వర్ల ఎడమ పక్కన చిన్న తాళం కన్నం ఉండేది. తాళం వేస్తే తుపాకి పేలదు. కొనేవాళ్ళకు మాత్రం అది కంట్లో నలుసు. అందమైన మొహం మీద గాటు పెట్టారని గొణిగేవారు. పాలిష్ చక్రం అక్కడ కాస్త ఎక్కువసేపు ఆనితే కన్నం అంచు గుంటపడుతుంది. అందుకని అక్కడికి రాగానే బ్రోనెక్ చెయ్యి దానంతటదే తేలికయ్యేది.

నిజానికి ఆ కన్నమే అతని కాపురాన్ని నిలబెట్టింది. ఏడేళ్ళ కొడుకు మీరెక్ బీరువా సొరుగులో తండ్రి రివాల్వర్ దొరికితే దాంతో ఆడుకుంటూ ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటివాటికి తాళం లేదు. ఆ తర్వాత భార్య యాద్విగ ఇంట్లోకి తుపాకిని రానివ్వలేదు, మొగుడితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. ఫ్యాక్టరీలో తాళాలు పెట్టడం మొదలైన రోజు అతను ఒక తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక నుంచి ప్రతి కన్నం దగ్గరా నా చెయ్యి ఆగుతుంది. వాడు గుర్తొస్తాడు" అన్నాడు.

ఆమె దాన్ని మేరీమాత పటం ముందు పెట్టింది. తిరిగొచ్చి, "సూప్ చల్లారిపోతోంది, తిను" అంది. అతను ఏడుస్తూనే తిన్నాడు.

పోయిన అక్టోబరులో ఫ్యాక్టరీ పాత మోడల్‌ని మళ్ళీ తెచ్చింది. లోపల భాగాలు కొత్తవి, పైకి మాత్రం తాతలనాటి రూపం. వాల్‌నట్ చెక్క పిడి, పాత ముద్ర, లోతైన నీలి రంగు. కన్నం తీసేశారు. కొనేవాళ్ళు పండగ చేసుకున్నారు.

మొదటి విడతలో బ్రోనెక్ పాలిష్ పెట్టిన రివాల్వర్ ఫ్రేములు తనిఖీ నుంచి తిరిగొచ్చాయి. ఫోర్‌మన్ ఫెరైరా ఒకటి దీపం కింద తిప్పి చూపించాడు.

"ఇక్కడ మసకగా ఉంది చూడు పెద్దాయనా. లేని కన్నం దగ్గర చెయ్యెందుకు ఎత్తుతున్నావ్?"

"అలవాటు" అన్నాడు బ్రోనెక్.

"మానుకో మరి. నీలాంటోడి పని వెనక్కొస్తే మాకు తలవంపులు."

మానుకున్నాడు. కొన్ని వారాలకు చక్రం అక్కడ ఆగకుండా సాగిపోయింది. ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. రిటైరయ్యేదాకా గడిస్తే చాలనుకున్నాడు, పిచ్చి మహారాజు.

రిటైరయ్యేవాడు పాలిష్ పెట్టినవాటిలో ఒకటి రహస్యంగా తీసి ఉంచి, పేరు చెక్కి విందులో ఇవ్వడం పాలిషింగ్ షాపు ఆచారం. మీరెక్ సంగతి తెలిసినవాళ్ళు అప్పటికే కొందరు రిటైరయ్యారు, కొందరు పోయారు. పాపం ఫెరైరాకేం తెలుసు? విందు రోజు పోలండ్ వాళ్ళ సంఘం హాల్లో, సాసేజీల పళ్ళేల మధ్య పెట్టె తెరిచి యాద్విగ ముందు ఉంచాడు.

"చూడండమ్మా, మీ ఆయన చేతి పనితనం."

ఆమె మొహం తిప్పుకోలేదు. బొటనవేలితో రివాల్వర్ ఎడమ పక్క తడిమి మొగుడి వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి?"

"పోయిన అక్టోబరు."

"ఇక్కడ నీ చెయ్యి ఆగలేదు."

"మొదట్లో ఆగేది. మాన్పించారు."

"మాన్పించారా, మానుకున్నావా?"

యాద్విగ లేచి బయటికి నడిచింది. బ్రోనెక్‌కి కొడుకును రెండోసారి పోగొట్టుకున్నట్టనిపించింది. ఈసారి తన చేతులతోనే. రివాల్వర్‌ని ఫెరైరాకే ఇచ్చేసి ఆమె వెనకాలే బయటికి నడిచాడు.

మర్నాడు సాయంత్రం యాద్విగ సూప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పటం ముందున్న తాళంచెవి తీసి గిన్నె పక్కన ఉంచింది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తలుపు తెరుచుకుంటుందేమోనని అతను వింటూ కూర్చున్నాడు. సూప్ చల్లారిపోయింది. తినమని ఎవరూ అనలేదు.