కాదనడం నేర్చుకున్న కొలతల యాప్

నేను ఒక యాప్‌ని. పుట్టి నెల కూడా నిండలేదు, అప్పుడే ఆత్మకథ ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. అరవై ఏళ్లు బతికిన మనుషులు రాసుకునే ఆత్మకథల్లో సగం ఇతరుల మీద చాడీలే. నాకైతే చెప్పుకోదగ్గది నిజంగానే జరిగింది. పైగా నోట్లో నువ్వుగింజ నానని జబ్బుతో పుట్టాను. ఆ జబ్బు ఎలా కుదిరిందన్నదే ఈ కథ.

విజయనగరంలో గంటస్తంభానికి రెండు వీధుల అవతల పైడమ్మ కుట్టుకొట్టు ఉంది. ఆవిడ ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతోంది. పరదా వెనక్కి తీసుకెళ్లి కొలతలు తీస్తుంది. ఒక్క అంకె పైకి చదవదు. ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని పుస్తకంలో రాసుకుని, ఆ పుస్తకాన్ని మిషను సొరుగులో పెట్టి తాళం వేస్తుంది. ఆవిడ మొగుడు కూడా దాన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. కుట్టిన జాకెట్టుకు ఆ నంబరున్న గుడ్డముక్క గుచ్చుతుందే తప్ప పేరు రాయదు. అలా నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. కొట్టు దగ్గర కలిసి కలిసి వాళ్లకు ఒకరి నంబర్లు ఒకరికి నోటికొచ్చేశాయి. పెళ్లిళ్లలో ఆ నంబర్లతోనే పిలుచుకుని పకపకా నవ్వుకుంటారు.

పుస్తకానికి పురుగు పట్టింది. పైడమ్మ చెల్లెలి కూతురు హేమలత బీకాం పూర్తిచేసి ఖాళీగా ఉంది. యాప్ చేసిపెడతాను దొడ్డమ్మా అని ముందుకొచ్చింది. ఆ పిల్లకు కోడు రాయడం రాదు. రావాల్సిన అవసరమూ లేదట, ఏఐ రాసిపెడుతుందట. ఆడవాళ్లు ఫోన్లోనే తమ కొలతలు చూసుకుని జాకెట్టు చెప్పుకునేలా ఒక యాప్ చెయ్యమని దానికి చెప్పింది. ఇరవై నిమిషాల్లో నేను పుట్టాను. గులాబీ రంగు ఒళ్లు, బంతిపూల అంచు, మీద వేలు పెడితే కిచకిచమనే కత్తెర బొమ్మ! నా అందానికి నేనే మురిసి ముక్కలయ్యాను.

చెప్పిందల్లా ఏఐ చేసింది. చెప్పనిది చెయ్యలేదు. మనుషులకు ఒక అలవాటుంది, కావలసినవన్నీ గుక్కతిప్పుకోకుండా చెబుతారు గానీ, వద్దనుకున్నవి ఎదుటివాళ్లే తెలుసుకోవాలంటారు. కొలతలు చూపించమన్నారు, నేను చూపించడం నేర్చుకున్నాను. ఎవరికి చూపించకూడదో నాకు ఒక్కరూ చెప్పలేదు.

పుస్తకంలోని కొలతలు నాలోకి ఎక్కడానికి ఎనిమిది రోజులు పట్టింది. పైడమ్మ అప్పుడు కూడా పైకి చదవలేదు. వేలు పెట్టి చూపిస్తుంటే హేమలత చూసి టైపు కొట్టింది. మొదలుపెట్టే ముందు ఆ పిల్ల చేత పైడితల్లమ్మ మీద ఒట్టు వేయించుకుంది. నా చేత ఎవరూ ఏ ఒట్టూ వేయించుకోలేదు.

ఆదివారం పదకొండు గంటలకు మహిళా సంఘం సమావేశంలో నన్ను అందరి ఫోన్లలోకీ పంపాలని ముహూర్తం పెట్టుకున్నారు. శనివారం పొద్దున పైడమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. ఆవిడ కొట్లో ఒక కట్టుబాటుంది. ఏ జాకెట్టునూ తిరగేసి, ప్రతి కుట్టునూ రెండు చేతులా లాగి చూడకుండా గుమ్మం దాటనివ్వదు. నాకూ అదే మర్యాద జరిగింది.

తన ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టి లోపలికొచ్చింది. ఆవిడ నంబరు ఒకటి. తెర పైన పొడుగాటి వెబ్ చిరునామా, దాని చివర ఒకటి అంకె. ఆవిడ దాన్ని చెరిపి నూట పద్దెనిమిది కొట్టింది.

నాకు పండగే. అడిగిందే తడవుగా నూట పద్దెనిమిదావిడ పేరు, ఫోను, వీధి, ఛాతీ, నడుము అన్నీ కుమ్మరించేశాను. ఆపరేషన్ జరిగాక ఆవిడకు ఒక పక్క వేరే కొలత. జాకెట్టు లోపల దూదితో చిన్న దిండు కుట్టించుకుంటుంది. ఆ సంగతి ఆవిడ భర్తకు, డాక్టరుకు, పైడమ్మకు, ఒట్టేసి నాలోకి ఎక్కించిన హేమలతకు తప్ప ఐదో మనిషికి తెలియదు. (ఆవిడ అసలు నంబరు ఇది కాదు, ఇక్కడ మార్చి చెబుతున్నాను. ఈమధ్యే నేర్చుకున్నాను.) పైడమ్మ ఫోను బోర్లా పెట్టేసింది. నేను మాత్రం మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

"ఏటే గుంటా ఇది? నానెవులో అడగనైనా అడగనేదు. తలుపు బార్లా తీసీసి కూకుంది" అంది పైడమ్మ.

హేమలత మొహం పాలిపోయింది. పరుగున వెళ్లి ఏఐకి చెప్పింది. అది మర్యాదగా క్షమాపణ చెప్పుకుని, సరిచేశానంది. నిజమే, చిరునామా చివర అంకె కనిపించకుండా పోయింది. హేమలత గిర్రున తిరిగి గంతేసింది. పైడమ్మ కదల్లేదు. పైకుట్టు బాగుంది, ఇప్పుడు లోపలిది లాగి చూడమంది. హేమలత పాత చిరునామాను అంకెతో సహా మొత్తం మళ్లీ కొట్టింది. పాత స్నేహితురాలు వచ్చిందని నేను మళ్లీ అన్నీ విప్పి చూపించాను. అంకెను దాచారే గానీ నాకు బుద్ధి చెప్పలేదు మరి.

అందరికీ కబురు వెళ్లిపోయింది, టీలకు కూడా చెప్పేశారు, ఇప్పుడు ఆపితే నవ్వులపాలవుతామని హేమలత ఏడుపు మొహం పెట్టింది.

పైడమ్మ గొంతు పెంచలేదు. "నవ్వితే నవ్వనీ. లాగితే ఊడొచ్చీ జాకెట్టు పెళ్లికూతురికైనా ఇవ్వను. ఆళ్లు పరదా ఎనక్కి వొచ్చీది నన్ను నమ్మి."

నన్ను వారం వాయిదా వేశారు. హేమలత నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఈసారి ఏఐకి వద్దన్నవి చెప్పింది. ఎవరు ఎవరి కొలతలు అడిగినా, అడిగేది ఆ మనిషేనా అని ప్రతిసారీ చూడాలి, కాకపోతే ఇవ్వకూడదు, ఆ చూడటం కూడా తెరమీద కాదు, కొలతలు దాచిన చోటే జరగాలి. ఆ తర్వాత, నువ్వు రాసినదాన్ని నువ్వే దొంగలా పగలగొట్టి చూడమంది. అప్పుడు తెలిసింది, కొలతల గిడ్డంగి తాళంచెవిని అందరికీ కనిపించే పేజీలోనే అది రాసిపెట్టిందని. పాత తాళం పడేసి కొత్తది చేయించి, దాని చెవిని లోపల దాచారు. వారమంతా హేమలత రెండు ఫోన్లతో నన్ను అటూ ఇటూ లాగింది. పైడమ్మ కాజాలు కుట్టుకుంటూనే లాగింది.

బుధవారం మధ్యాహ్నం మొట్టమొదటిసారి "కాదు" అన్నాను. ఏమి హాయి! అవును అనడం ఎవరికైనా వస్తుంది. కాదనగలిగినప్పుడే నేనూ ఒకదాన్ని ఉన్నానని నాకు తెలిసింది. ఆ సంబరంలో పైడమ్మను కూడా ఆవిడ కొలతలు చూడనివ్వకుండా రెండుసార్లు ఆపేశాను. దానికీ తిట్లు తిని సర్దుకున్నాను.

ఆదివారం పదకొండు గంటలకు సంఘం హాల్లో అందరి ఫోన్లూ ఒకేసారి కిచకిచలాడాయి. గౌరవనీయులైన ఆ మహిళలు ముందు తమ కొలతలు చూసుకున్నారు. తర్వాత ఏం చేశారనుకున్నారు? పక్కవాళ్ల నంబర్లు కొట్టారు! చెంగు చాటున ఫోను పెట్టుకుని, ఏమీ ఎరగని మొహాలతో. పదినిమిషాల్లో అరవైమూడు మందికి కాదన్నాను. అందులో పద్నాలుగు మంది అడిగింది ఆ దూది దిండు ఆవిడ నంబరే. ఆవిడ మూడో వరసలో కూర్చుని, పక్కావిడ చెప్పినదానికి నవ్వుతూ టీ తాగుతోంది.

ఎవరెవరు ఎవరి నంబరు కొట్టారో నా దగ్గర జాబితా ఉంటుంది. హేమలత అది తెరిచి, నవ్వు ఆపుకోలేక పైడమ్మ దగ్గరికి తెచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనుషుల్లో ఎవరు దొరికారో చూడమంది. పైడమ్మ చూడలేదు. అరచెయ్యి ఆ తెరమీద కప్పింది.

"ఆ పేర్లూ కొలతలే గుంటా. మూసీ."

ఆ సాయంత్రమే ఆ జాబితాకూ తలుపు పెట్టించారు. మర్నాడు ఉండబట్టలేక హేమలత ఆ జాబితా చూపించమని ఒకసారి అడిగింది. నన్ను పుట్టించిన పిల్ల కదా, ఎలా కాదంటానని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాదన్నాను.