బెత్తెడు గీత

మా ఆయన పోయిన మూడో వారంలో నేను ఫుట్‌బాల్ మైదానంలో గీతలు గీశాను. ఈ మాట వింటే మావాళ్లలో సగం మంది ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి.

ఇక్కడ సిడ్నీలో ఫుట్‌బాల్ అంటే ఒక్కొక్కరికి ఒక్కో ఆట. మా అక్షర ఆడేది అమెరికావాళ్ల ఆట. తలకు హెల్మెట్టు, భుజాలకు కవచాలు తగిలించుకుని ఒకరి మీద ఒకరు పడతారు. ఇక్కడివాళ్లు దాన్ని గ్రిడ్‌ఐరన్ అంటారు. యూనివర్సిటీలో చేరిన కొత్తలోనే మా అమ్మాయి ఆ జట్టులోకి వెళ్తానంటే, ఎముకలు విరగ్గొట్టుకోవడానికా నిన్ను పెంచింది అని నేను కేకలేశాను. వాళ్ల నాన్న మాత్రం పిల్లని ప్రాక్టీసుకి దింపివస్తానని వెళ్లి, తిరిగొచ్చేసరికి ఆ క్లబ్బులో సభ్యుడైపోయారు.

ఆయన పేరు సత్యనారాయణమూర్తి. క్లబ్బులో అందరికీ మూర్తి. కంప్యూటర్ ఉద్యోగం, కాస్త బొజ్జ, జీవితంలో ఏనాడూ బంతి తన్నిన మనిషి కాదు. మొదటి రోజే మైదానం చూసి, ఇక్కడి మున్సిపాలిటీ, అదే కౌన్సిల్ మనిషి గీసినవి గజాలు కావు, మీటర్లు అని కనిపెట్టారు. ఆ ఆటకి గజాలే ప్రాణం. ఒక జట్టుకి నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి జరగాలి, లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. గజాలకి బదులు మీటర్లు గీస్తే పాపం ఆ పిల్లలు ప్రతిసారీ దాదాపు ఇంకో గజం ఎక్కువ పోరాడాలి. ఇక్కడ పుట్టినవాళ్లకి గజమంటే తాతల నాటి మాట. మనకేమో ఇళ్లస్థలాలన్నీ ఈరోజుకీ గజాల్లోనే. అలా ఆ గీతల పని మా ఇంటికొచ్చి పడింది.

ప్రతి మ్యాచ్‌కి ముందు శనివారం ఆయన రంగు డబ్బా బిగించిన చక్రాల బండి తోసుకుంటూ గీతలు వేసేవారు. నేను మడత కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటుండేదాన్ని. ఆయన ఊరికే ఉండేవారు కాదు.

"ఇలా చూడు వసూ. మధ్యలో ఈ రెండు వరసలు చిన్న గీతలున్నాయే, బంతి ఎంత పక్కకెళ్లి పడ్డా మళ్లీ ఆట ఈ రెండు వరసల మధ్యనుంచే మొదలెట్టాలి. ఎడమపక్క పడిందనుకో, ఎడమ వరస మీద పెడతారు. అప్పుడు ఎడంవైపు ఇరుకు, కుడివైపు విశాలం. అందరూ విశాలంగా ఉన్నవైపే కాస్తారు. అసలు తెలివంతా ఇరుకువైపు విసరడంలో ఉంది. అక్కడ అడుగు కూడా దండగ చెయ్యడానికి ఉండదు."

నేను ఊఁ అనేదాన్ని.

పక్క గీత వేసేటప్పుడైతే ఇంకా హడావిడి. ఈ మూల మేకు నుంచి ఆ మూల మేకు దాకా దారం లాగి కట్టేవారు. "దారం దాకా మనది. గీత బయటివాళ్లది. గీత మీద కాలు పడితే బయటికెళ్లిపోయినట్టే. అందుకని దారానికి అవతలే గియ్యాలి" అనేవారు. చివరి గీత దగ్గర మాత్రం దీనికి తలకిందులు. బంతి ఆ గీతని ముట్టుకుంటే చాలు, గెలుపు పాయింట్లు వచ్చేస్తాయి. "అదే రంగు, అదే బెత్తెడు వెడల్పు. పక్కన ముట్టుకుంటే పోయినట్టు, చివర ముట్టుకుంటే వచ్చినట్టు. తమాషాగా లేదూ?" అనేవారు. నాకేమీ తమాషాగా ఉండేది కాదు. ఎండగా ఉండేది.

ఒక మంగళవారం ఆయన ఆఫీసులో లిఫ్టు దగ్గర కూలబడిపోయారు. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. మెల్‌బోర్న్ నుంచి మా మరిది వచ్చి కర్మలు జరిపించి వెళ్లాడు. నాకు ఏడుపు రాలేదు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడేదాన్ని. పొంగుతున్నాయని తెలుసు, ఆపాలని తెలుసు, చెయ్యి మాత్రం వెళ్లేది కాదు. పొంగాక తుడిచేదాన్ని.

అక్షర కూడా ఏడవలేదు. ప్రాక్టీసుకి వెళ్లేది, వచ్చేది, పెట్టింది తినేది. కదిపితే "ఐ యామ్ ఫైన్, అమ్మా" అనేది. దాని మనసంతా రాబోయే ఆదివారం సెమీఫైనల్ మీదే ఉంది. అది గెలిస్తే ఫైనల్. ఫైనల్ కూడా మా మైదానంలోనే. దాని కోసం వాళ్ల నాన్న కొత్త దారం ఉండ కొని గరాజ్‌లో పెట్టి ఉంచారు. ఆ కొత్త దారం కట్టి ఫైనల్‌కి గీతలు వేయించాలి, అదొక్కటే దాని పట్టుదల. పిల్ల ఆ ఒక్క మ్యాచ్‌ని పట్టుకుని నిలబడి ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అది చేజారితే ఏమవుతుందో తెలియదు. భయపడాల్సిన విషయమే, కానీ భయం కూడా వేసేది కాదు.

"ఈసారి లైన్స్ ఎవరు వేస్తారు?" అంది ఒకరోజు అన్నం తింటూ. "కోచ్ కౌన్సిల్‌కి చెప్తానంది. ఐ సెడ్ నో. వాళ్లు మీటర్స్ వేస్తారు."

"నేను వేస్తాలే" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆ సంగతి ఎలా తెలిసిందో, లీలావతి ఆంటీ కెల్లీవిల్ నుంచి ఫోన్ చేశారు. మా తెలుగు సంఘంలో అందరికీ పెద్దదిక్కునని ఆవిడ నమ్మకం. "ఏడాది తిరక్కుండా మైదానాల వెంట తిరగడమేంటమ్మా? ఇంటి ముందు ముగ్గే వెయ్యకూడదే."

"ముగ్గు కాదాంటీ, ఫుట్‌బాల్" అని పెట్టేశాను.

శనివారం పొద్దున నాకు తోడుగా కరోలిన్ వచ్చింది. క్వేకర్స్ హిల్‌లో మా వీధిలోనే ఉంటుంది. కాకినాడ పిల్ల, నర్సు. ఈ మూడు వారాలూ మా పొయ్యి వెలగని పూటల్లా వాళ్ల చర్చివాళ్లే కూరలు పంపారు. మైదానం వాగు పక్కన ఓ మూలకి ఉంటుంది. వేరే ఆటలవాళ్లెవరూ అక్కడికి రారు. ఆయన వేసిన గీతలు గడ్డిలో ఇంకా వెలిసిపోయి కనబడుతున్నాయి. మూలల్లో ఆయన కొట్టిన మేకులు కూడా అలాగే ఉన్నాయి.

అడ్డగీతలన్నీ పాతవాటి మీదే వేశాం. అప్పటిదాకా చెయ్యి దాని మానాన అది పనిచేసింది. ఎడమపక్క గీత దగ్గరికొచ్చాక కరోలిన్ ఆ చివర దారం కట్టి వచ్చింది. దారానికి అవతల, ఆయన గీత. మిగతావాటిలా అది నిటారుగా లేదు. మూలకి దగ్గర్లో ఒకచోట కాస్త వంకర తిరిగి మళ్లీ సర్దుకుంది. ఆ రోజు అక్కడ నేను ఫ్లాస్కులో కాఫీ పోసి పిలిస్తే వెనక్కి తిరిగి చూశారు. ఆయన వేసిన ఆఖరి గీత అదే. దాని మీదికి చక్రం ఎక్కించడానికి నాకు చెయ్యి రాలేదు.

బండిని దారానికి ఇవతల పెట్టి తోయడం మొదలెట్టాను.

"అదేంటక్కా, పాతదాని మీదే వేసెయ్యొచ్చు కదా?" అంది కరోలిన్.

"మన గోడ మన స్థలంలోనే కట్టుకోవాలి" అన్నాను.

తణుకులో మా నాన్న ఇల్లు కట్టినప్పుడు ప్రహరీ గోడ హద్దురాయికి బెత్తెడు లోపలే పోయించారు. బెత్తెడు పోతే మనదే పోతుంది, ఒకళ్ల సొమ్ము కాదుగా అనేవారు. మావైపు ఇల్లు కట్టిన ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. కరోలిన్‌కీ తెలుసు. వాళ్ల నాన్నా అలాగే కట్టారట. తల ఊపింది. అవతలిపక్క గీత తను వేస్తానని బండి తీసుకుంది. తను పాతదాని మీదే వేసింది.

ఆదివారం మ్యాచ్‌కి ముందు రిఫరీ మైదానమంతా తిరిగి, నేను వేసిన ఎడమపక్క గీత మూల దగ్గర ఆగాడు. పక్కపక్కనే రెండు గీతలు చూసి, ఏది లెక్క అని కోచ్‌ని అడిగాడు. తెల్లగా ఉన్నదే అంది కోచ్. నేను అక్కడే నిలబడి విన్నాను. నాకేమీ అనిపించలేదు.

మ్యాచ్ సగం వరకు ఏం జరిగిందో చెప్పమంటే చెప్పలేను. చూశాను, అంతే. చివరికి మావాళ్లు నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గడియారంలో ఇంకొక్క అవకాశానికే సమయం మిగిలింది. బంతి అవతలివాళ్ల చివరి గీతకి దగ్గర్లోనే ఉంది. ఎడమ వరస మీద పెట్టారు. అవతలివాళ్లంతా కుడివైపు విశాలంలోకి సర్దుకున్నారు. అక్షర ఒక్కతే ఎడంపక్క ఇరుకులో, నాకు ఎదురుగా వచ్చి నిలబడింది.

ఇరుకువైపే విసురుతారని నాకు అప్పుడే తెలిసిపోయింది. శనివారాలన్నీ వినకుండా విన్న మాటలు ఒక్కసారిగా వినబడ్డాయి. అడుగు కూడా దండగ చెయ్యడానికి ఉండదు. దారం దాకా మనది. గీత బయటివాళ్లది. కాళ్లకింద గీత వైపు చూశాను. అక్షరా, ఆగు అని అరవాలనిపించింది.

పిల్ల పరుగెత్తింది. బంతి ఎత్తుగా వచ్చింది. మూలలో చివరి గీత దాటి, గాల్లోకి లేచి రెండు చేతుల్తో పట్టుకుంది. ఈ ఆటలో ఒక్క కాలు లోపల పడితే చాలు. పడింది. మావాళ్లంతా కేరింతలు కొట్టారు. రిఫరీ పరుగెత్తుకొచ్చి కింద చూశాడు. తర్వాత రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. కాలు పక్క గీత మీద పడింది, చెల్లదు.

అయిపోయింది. జట్టువాళ్లు అక్షర వీపు తట్టి, నీ తప్పేం లేదని చెప్పి వెళ్లారు. అక్షర హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకుని ఆ మూలకే తిరిగొచ్చింది. నేనూ వెళ్లాను. తెల్లగీత మీద దాని బూటు ముద్ర పడి ఉంది. దానికి అవతల, ఎవరూ తొక్కని పాత గీత. ముద్ర దాన్ని తాకనైనా లేదు.

అక్షర వంగి చాలాసేపు చూసింది.

"ఇది నాన్నది కదా?"

"ఊఁ."

"నువ్వు దీని మీద వెయ్యలేదు."

"వెయ్యలేకపోయాను."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండుననిపించింది. బెత్తెడు పోతే మనదే పోతుందనుకున్నాను. పోయింది నా కూతురిది.

నోటు పుస్తకంలో అక్షరాలు దిద్దుతున్నట్టు అది వాళ్ల నాన్న గీత మీద వేలు పెట్టి కొంతదూరం రాసింది. వేలికి రంగేమీ అంటలేదు, ఎప్పుడో ఎండిపోయింది. వంకర తిరిగినచోట వేలు ఆగింది.

"కోచ్‌కి చెప్పొద్దు" అంది. "ఎవరికీ చెప్పొద్దు, అమ్మా. ప్లీజ్."

"సరే."

"నాన్న లైన్‌కి ఐ వాజ్ ఇన్."

"లోపలే ఉన్నావు" అన్నాను.

"ఐ వాజ్ ఇన్, అమ్మా" అంది మళ్లీ. నేను పక్కన చతికిలబడగానే నా ఒళ్లో తల పెట్టేసింది. దాని భుజాల కవచం నా మోకాలికి గట్టిగా ఒత్తుకుంటోంది. లోపలే ఉన్నావమ్మా, లోపలే ఉన్నావు అంటూ దాని తల నిమురుతుంటే, ఆ జుట్టు మీద పడుతున్న తడి నా కళ్లలోదని కాసేపటికి గాని నాకు తెలియలేదు.