రాలిన మాట

రోజూ మధ్యాహ్నం మూడింటికి వేదవతి బస్సు దిగి తొండుపల్లి బడి వరండాలో చాపలు పరిచేది. కాకినాడ నుంచి వచ్చి శంషాబాద్‌లో ఒంటరిగా ఉంటున్న ఈ టీచరు నోరు విప్పి మాట్లాడేది, వయోజన విద్య తరగతి జరిగే ఆ రెండు గంటలే.

అర్థం తెలియకుండా చదివిన మాట పుస్తకంలోంచి రాలి కింద పడేది. దానికెవరూ వింతపడేవారు కాదు. తరగతి అయ్యాక వేదవతి వాటిని ఏరుకుని గదికి పట్టుకెళ్లి, మైదా జిగురుతో మళ్లీ అంటించేది. ఆమె ఆదివారాలు అలాగే గడిచేవి.

అందరికన్నా గడగడా చదివేది శివమ్మ. ఎక్కువ మాటలు రాలిపడేదీ ఆమె పుస్తకంలోంచే. మొగుడు పోయాక మిగిలిన రెండెకరాల మీద మరిది మొగులయ్య కన్ను పడింది. ఇక వేలిముద్ర వేసేది లేదు, చదివే సంతకం పెడతానని పంతం పట్టి చదువుకొచ్చింది. నెమ్మదిగా చదవమని వేదవతి ఎంత మొత్తుకున్నా వినేది కాదు. ఆగితే చదువు రానట్టే అనుకునేది, పిచ్చితల్లి.

ఒకరోజు మొగులయ్య తరగతికే కాగితం పట్టుకొచ్చాడు. రెండేళ్ల కౌలుకేనన్నాడు. శివమ్మ లేచి నిలబడి, అందరూ వినేలా ఒక్క బిగిన చదివేసింది. తన పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు కాగితం మీదే నిలిచాయి. ఒక్క మాట రాలి చాప మీద పడింది. మొగులయ్య దాని మీద కాలేశాడు.

శివమ్మ అప్పటికే పెన్ను తెరిచింది. ఊరి తగాదాలో తలదూరిస్తే ఈ తరగతి కూడా పోతుందని వేదవతికి భయమేసింది. అయినా ఊరుకోలేకపోయింది.

"కాలు తీయండి," అంది.

కాలి కింద 'విక్రయించితిని' అని ఉంది.

"అంటే ఏంది టీచరమ్మా?"

"అమ్మేశాను అని, శివమ్మగారూ."

శివమ్మ ఆ మాటను అరచేతిలోకి తీసుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. అది మెల్లగా కాగితమెక్కి తన చోట కూర్చుంది. ఆమె పెన్ను మూసి కాగితం మరిది చేతిలో పెట్టింది.

"నేనియ్య మొగులయ్యా. తీస్కపో."

భూమి నిలిచింది. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మొగులయ్య పిల్లల్ని కూడా ఆమె దగ్గరికి రానివ్వలేదు. గెలిచావని ఊరంతా అన్నారు గాని, తిన్నావా అని అడిగినవాళ్లు లేరు.

అప్పటి నుంచి శివమ్మ రెండింటికే వచ్చి వరండాలో కూర్చునేది. అది తెలిసి వేదవతి కూడా ముందు బస్సుకే రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు శివమ్మ పుస్తకం తెరిచి మొదటి మాట మీద వేలు పెట్టింది.

"ఇగ జర మెల్లగ చదువుత టీచరమ్మా," అంది. "పాఠం అయిపోతే ఇంటికి పోవాలె."

వేదవతి తొందరపెట్టలేదు. మిగతావాళ్లు వచ్చి వెళ్లినా, సాయంత్రం దాకా ఇద్దరూ ఆ ఒక్క పేజీయే చదివారు.