అమ్మ ముఖమున్న రాగిరేకు

అక్క బొమ్మలు చెక్కేది, నేను అచ్చు తీసేదాన్ని. రాగిరేకు మీద మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి నా చేతికిచ్చేది. ఆ గీతల్లో సిరా కూరి, పైపైన గుడ్డతో తుడిచి, కాగితం పరిచి మరలో తిప్పడం నా పని. నిద్రపోతున్న అమ్మ ముఖం చెక్కినప్పుడు ఇరవై అచ్చులు చాలంది.

"ఇక ఈ రేకుమీద అడ్డంగా గీతలు కొట్టెయ్యవే. మళ్లీ ఎవరూ తియ్యకూడదు."

నాకు చేతులు రాలేదు. అమ్మ ముఖం కదా అని సర్దిచెప్పుకున్నాను గానీ, అసలు సంగతి వేరు. నేను తీసిన ప్రతి అచ్చు కిందా అక్క సంతకమే ఉండేది. ఒక్కటైనా నాదంటూ ఉండాలనిపించింది. గీతలు కొట్టి పాతసామాన్లవాడికి వేసేశానని చెప్పి, రేకును ట్రంకుపెట్టెలో దుప్పట్ల మధ్య దాచాను.

అచ్చులన్నీ అమ్ముడుపోయాయి. అక్క తనకని ఉంచుకున్నదాన్ని చెదలు తినేశాయి. అమ్మ చనిపోయిన ఏడాది, అక్క తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఒసే, ఆ రేకు నిజంగానే పారేశావా?"

"అప్పుడే చెప్పా కదే."

"పోన్లే. కొట్టెయ్యమన్నది నేనే కదా," అంది.

పెట్టె పక్కగదిలోనే ఉంది. తెచ్చి చేతిలో పెడితే అయిపోయేది. అబద్ధం బయటపడుతుందని భయపడ్డాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఆరేళ్లు గడిపాను. ఈలోగా అక్కే పోయింది.

కిందటేడు ఆ రేకును మ్యూజియానికి ఇచ్చేద్దామని అక్క కూతురిని తోడు తీసుకెళ్లాను. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాసుకోవాలని అక్కడి అధికారిణి కాగితం తీసింది.

"అమ్మే పిన్నికిచ్చుంటుంది," అంది పిల్ల, నేను నోరు విప్పేలోపే.

ఔనంటే సరిపోయేది.

"ఇవ్వలేదు. నేనే దాచేశాను," అని మొత్తం చెప్పాను.

అధికారిణి కలం ఆపి, "ఇదంతా రాయమంటారా?" అంది. రాయమన్నాను.

బయటికొచ్చాక పిల్ల మెట్ల మీద ఆగిపోయింది.

"రేకు గురించి అడిగిన రోజు మీ ఇంటినుంచి వస్తూ దారంతా అమ్మ ఏడుస్తూనే ఉంది పిన్నీ. నీకు తెలుసా?"

తెలియదు. పిల్ల అప్పుడే వచ్చిన బస్సెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

రెండు నెలలకి ఫోను చేసింది. రేకును గాజుపెట్టెలో పెట్టారట. కలిసి వెళ్దామంటుందేమోనని ఆశపడ్డాను.

"నేనొక్కదాన్నే వెళ్లి చూసొచ్చా పిన్నీ. పక్కన పలకమీద నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశారు," అని ఫోను పెట్టేసింది.