ఎవరికి ఎడమ

"పెట్టి పుట్టాలమ్మా! కాలు కింద పెట్టకుండా అన్నీ మంచం మీదికే వస్తుంటే, నేనైతే కవలలేం ఖర్మ, నలుగుర్ని కంటాను" అని మేడమీదావిడ అందట. అన్నది మెట్ల దగ్గర. విన్నది కింది వాటా ఆవిడ. ఆవిడ దాన్ని టైలరమ్మ ఆడపడుచు చెవిన వేస్తే, ఆడపడుచు ఇంత ఉప్పూ కారం చల్లి ఫోన్లో అప్పజెప్పింది.

"నేనేమీ అన్లేదమ్మాయ్. ఉన్నమాట నీతో చెప్పానంతే" అని కూడా అంది.

టైలరమ్మ ఊఁ కొట్టింది. ఇంకేం చేస్తుంది? పంతొమ్మిది రోజులుగా ఆవిడకున్న పనులు రెండే, పడుకోవడం, ఊఁ కొట్టడం. గర్భసంచి మూతి వేళ కాకుండానే తెరుచుకుంటోందనీ, తిరిగితే పిల్లలు నిలవరనీ డాక్టరమ్మ ఆస్పత్రిలో పడేసింది. ముప్ఫై రెండు వారాలైనా లాగాలి. నడుస్తున్నది ముప్ఫయ్యోది. అది చాలనట్టు, రెండింటిలో ఒకటి సరిగ్గా ఎదగడం లేదు.

తల్లి లేదు. మొగుడు ఎక్కడో వంతెన కట్టేచోట క్రేను నడుపుతాడు. మొదటి ఆదివారం వచ్చాడు. మందుల చీటీ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, ఫోను చార్జింగు పెట్టుకున్నాడు, అది నిండగానే "జాగ్రత్త" అని లేచాడు. మళ్లీ ఆదివారం కాంక్రీటు పోస్తున్నారట, క్రేను దిగే వీల్లేదట. ఆడపడుచుకు మోకాళ్లు. నాలుగంతస్తులు ఎక్కలేదు. లిఫ్టుందని టైలరమ్మ రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు.

పక్క మంచం మీది మనిషి మూడు రోజులకోసారి మారిపోయేది. వచ్చిన ప్రతి మనిషి వెంటా నలుగురు. ఆ నలుగురూ తమ మనిషికి దుప్పటి సర్దడం అయ్యాక ఇటు తిరిగి, "మీవాళ్లేరమ్మా?" అనేవారు.

"ఇప్పుడే కిందికెళ్లారు" అనేది టైలరమ్మ. కిందికెళ్లినవాళ్లు పైకి రావడం ఎవరూ చూడలేదు. చూడకముందే అడిగినవాళ్లు బిడ్డనెత్తుకుని ఇంటికెళ్లిపోయేవారు.

మాట్లాడ్డానికి ఇక మిగిలింది పొట్ట. చేరిన రోజున నర్సు ఎదురుగా నిలబడి, "ఎడమవైపుదే కాస్త చిన్నది" అంది. ఆ ఒక్క ముక్కా పట్టుకుంది టైలరమ్మ. ఎడమచెయ్యి ఎడమవైపునుంచి తియ్యలేదు. తినే ప్రతి ముద్దకీ అటు చూసి "ఇది నీకే" అని మరీ మింగేది. "మీ పెద్దదాన్ని చూసి నేర్చుకో" అని మందలించేది. గౌనుకి కుచ్చులు ఎలా పడతాయో, కాలరు ఎందుకు నిలబడుతుందో, అరువు పెట్టి ఎగ్గొట్టే బేరగాళ్లెలా ఉంటారో అన్నీ ఎడమకే చెప్పింది. ఎడమది తన్నితే, "అదీ! బలమొస్తోంది" అని ఒక్కతే నవ్వుకునేది. కుడివైపుదాని జోలికి వెళ్లలేదు. బాగున్నవాళ్లని పలకరించేదేముంది?

ఆ పొద్దున నర్సు పొట్టకి బెల్టులు బిగించి, గుండె చప్పుడు వినే బిళ్లలు పెట్టింది. ఒకటి టకటకమంది. రెండోది గుర్రుమంటోంది తప్ప చప్పుడు లేదు. నర్సు బిళ్లని అటూ ఇటూ జరిపింది. మొహం చిట్లించింది.

"ఎడమది దొరకట్లేదేంటి?"

టైలరమ్మ గబుక్కున ఎడమవైపు చెయ్యేసింది. చేతి కింద ఠపీమని ఒక్క తన్ను.

"ఇక్కడే ఉంది సిస్టర్! తంతోంది చూడండి!"

"అది పెద్దది టైలరమ్మా. దానికేం, దున్నపోతులా ఉంది. నేను వెతికేది చిన్నదాన్ని."

అప్పుడు చూసింది టైలరమ్మ, నర్సు చెయ్యి ఎక్కడుందో. కుడివైపు.

"అది కుడి కదా!"

"నీకు కుడి. ఇలా ఎదురుగా నిలబడితే నాకు ఎడమేగా."

"వేసుకున్నది నేను కదా సిస్టర్!" అంది టైలరమ్మ.

నర్సుకి అర్థంకాలేదు. దర్జీ పనిలో అది మొదటి రోజు పాఠం. కొలత తీసేవాడు ఎదురుగా నిలబడ్డా సరే, చొక్కా వేసుకున్నవాడి ఎడమే ఎడమ. చిన్నప్పుడు ఆ తేడా తెలియక కోటుకి జేబు అటుది ఇటు కుట్టి మేస్త్రీ చేత మొట్టికాయలు తింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్లలో ఎవరి ఎడమ అని ఒక్కరినీ అడగాల్సిన పని పడలేదు. అడగాల్సిన ఒక్కచోటా అడగలేదు.

చప్పుడు దొరికింది. నెమ్మదిగా, ఆగి ఆగి, అలిసిపోయి మెట్లెక్కుతున్నట్టుంది. నర్సు వెళ్లి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ స్కానింగు చేసి, చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "చిన్నదానికి రక్తం సరిగ్గా అందట్లేదు. ఇవాళే తీసి గాజుపెట్టెలో పెడితే ఆశ ఉంది. పెద్దదానికి మటుకు ఇంకో రెండు వారాలు లోపలుంటేనే మంచిది. దానికోసం ఆగామనుకో, చిన్నది దక్కుతుందని నేను చెప్పలేను. తీస్తే పెద్దదానికీ కష్టమే, కానీ తట్టుకోవచ్చు. మీవాళ్లతో మాట్లాడుకుని గంటలో చెప్పు."

మొగుడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. క్రేను మీదుంటే ఎత్తడు. ఆడపడుచుకి చేసింది. వేరే కాల్‌లో ఉన్నారంది. మళ్లీ మొగుడికి, మళ్లీ ఆడపడుచుకి. ఫోను వేడెక్కింది.

పక్క మంచం ఆ పూట ఖాళీ. టైలరమ్మ కుడిచెయ్యి తీసి కుడివైపు పెట్టుకుంది. ఏదో ఒకటి చెబుదామనుకుంది. ముక్కూ మొహం తెలియని చుట్టంతో గదిలో ఒంటరిగా చిక్కినట్టు బెరుకుపడింది. పంతొమ్మిది రోజులు పక్కన పెట్టుకుని, ఒక్క పూట పలకరించలేదు దాన్ని. ఆ చెయ్యి అలాగే ఉంచుకుని గడియారం వైపు చూస్తూ పడుకుంది. అటువైపునుంచి ఏ కదలికా లేదు. చాలాసేపటికి, గుడ్డ కింద సూది తగిలీ తగలనట్టు, చిన్న పోటు ఒకటి తగిలింది.

గంట కాకముందే నర్సుని పిలిచింది.

"తీసెయ్యమనండి. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"మీవాళ్లు..."

"కాగితం ఇటివ్వండి సిస్టర్."

బట్టలు మార్చి, చక్రాల బల్ల తెచ్చి మంచం పక్కన ఆనించేసరికి ఫోను మోగింది. నర్సు స్పీకరు నొక్కి చేతికిచ్చింది. మొగుడు.

"ఏంటన్ని కాల్స్? అక్క కూడా లైన్లో ఉంది. ఏమైంది?"

చెప్పింది. కట్టె కొట్టె అన్నంతలో మొత్తం చెప్పేసింది.

"సంతకం పెట్టేశావా? గట్టిగా ఉన్నదాన్ని కూడా ఇప్పుడే లాగేస్తారా? రెండూ అటూ ఇటూ అయితే?"

"వాడంత దూరాన ఉన్నాడు సరే" అందుకుంది ఆడపడుచు. "నేను చచ్చానా ఇక్కడ? ఇంటికి పెద్దదాన్ని. ఇంత పని చేసేముందు మాతో ఒక్క మాట చెప్పాలని తోచలేదా అమ్మాయ్?"

"చెబుదామనే చుట్టూ చూశాను వదినా. ఒక్కరూ లేరు."