పలకని పేరు

సోనేపూర్ రేవులో కొత్త ఏడు జనవరిలో మొదలవదు. వేట నిషేధం ఎత్తేసే ముందురోజు మొదలవుతుంది. ఆ పొద్దున పడవవాళ్లంతా, పడవలో ఎవరి చోటు ఎక్కడో అదే వరసలో ఇసుకలో కూర్చుంటారు. పడవ పెద్ద తండేలు పేర్లు పిలుస్తాడు. పేరు వచ్చినవాడు 'ఉన్నాను' అని, గడిచిన ఏడు ఏమిచ్చిందో, వచ్చే ఏటికి ఏం కావాలో నలుగురి ముందూ చెప్పాలి. పోయినవాడి పేరూ పిలుస్తారు. అప్పుడు వాడి భార్య లేచి, ఆ పేరు చెప్పి, 'రాడు' అనాలి. ఆ మాట అననంతవరకూ ఆ చోటు ఆ ఇంటిదే. ఇంట్లో ఇంకో మగవాడు 'ఉన్నాను' అన్నాడా, మర్నాడు పడవ ఎక్కాల్సిందే. ఈ కట్టుబాటు పెట్టిన మహానుభావుడెవడో గానీ, మొగుడి పేరు నోటితో పలకని ఆడవాళ్ల ఊళ్లో పెట్టి పోయాడు.

గురువమ్మ మొగుడు పైడన్న కార్తీకమాసంలో బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటం దెబ్బకి పడవలోంచి పడిపోయాడు. పడవ వచ్చింది, మిగతావాళ్లు వచ్చారు. శవం మాత్రం దొరకలేదు. గురువమ్మ గాజులు తియ్యలేదు. రోజూ పొద్దుగూకేసరికి, అతను కాళ్లు కడుక్కోవడానికని గుమ్మంలో చెంబుతో నీళ్లు పెడుతుంది. తెల్లారి చూస్తే ఒక్కోసారి చెంబు ఖాళీగా ఉంటుంది. కుక్కలు తాగుతాయని ఆమెకు తెలుసు. తెలిసినా, గుమ్మం తడిగా కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది.

పైడన్నది వేళాకోళం మనిషి. "ఒక్కపాలి నా పేరెట్టి పిలవ్వే. ఏ సంద్రంలో ఉన్నా వొచ్చేత్తాను" అని పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టాడు. ఆమె సిగ్గుతో చెంగు నోట్లో కుక్కుకునేది. ఇప్పుడా పేరు రోజూ నాలుక చివరిదాకా వస్తోంది. మింగేస్తోంది. పిలిస్తే రాకపోతే? పిలవనంతకాలం రావడానికి వీలుందని ఆమె ఆశ.

కొడుకు జగదీష్ లంజిపల్లిలో ఒక షెడ్డులో స్కూటర్లు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. అది తండ్రి కోరికే. నిరుడు ఇదే ఇసుకలో "వొచ్చే యేటికి నా కొడుకు మిస్త్రీ అవ్వాల. ఈ పడవెక్కకూడదు" అని అందరి ముందూ అన్నాడు పైడన్న. ఆ కొడుకే ఈ పొద్దున తల్లి పక్కన నిలబడ్డాడు.

"నాన్న పేరు పిలిత్తే నేను పలుకుతానమ్మా."

"ఒరే, మీ నాన్న నిరుడు ఏటన్నాడో మరిసిపోనావా?"

"మరవనేదు. షెడ్డులో ఇంజన్ ఆపితే సాలు, నాన్న పిలుపే ఇనపడతంది. మొగ కాడికి ఎల్లి ఎతుకుతాను."

 ఆ పిలుపు గురువమ్మ కూడా వింటోంది. అది ఒక్కనాడూ తనను పిలవలేదు, కొడుకునే పిలుస్తోంది. కూడు తిననివ్వకుండా, కన్ను మూయనివ్వకుండా పిలుస్తోంది. ఇన్నాళ్లూ మొగుడు వస్తాడని దారి చూసిన మనిషికి, అతనొస్తే కొడుకును తీసుకుపోవడానికే వస్తాడేమో అన్న భయం అప్పుడే పుట్టింది.

తండేలు నరసన్న వరసగా పిలుచుకొస్తున్నాడు. ఒకడు చేపలు పడలేదన్నాడు, ఒకడు కొత్త వల కావాలన్నాడు. తరవాత నరసన్న గొంతు సవరించుకున్నాడు.

"పైడన్న."

జగదీష్ నోరు తెరిచాడు. వాడి మాట బయటికి రాకముందే గురువమ్మ లేచింది.

"పైడన్నా!"

చెప్పాల్సిన పేరును ఆమె కేకేసి పిలిచింది. పక్కనున్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఎవరూ చెప్పకుండానే అందరి తలలూ నీళ్లవైపు తిరిగాయి, నరసన్న తలతో సహా. గురువమ్మ ఎదురుచూసింది. ఒక కెరటం వచ్చి వెనక్కిపోయింది. ఇంకొకటి వచ్చి, అదీ పోయింది. ఆమె ఇంకా నిలబడే ఉంది. నరసన్న తొందరపెట్టలేదు.

"రాడు" అంది చివరికి.

జగదీష్ ఇసుకలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నరసన్న తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"వొచ్చే యేటికి మీ ఇంటికి ఏటి కావాల గురువమ్మా?"

"పొద్దుగూకేతలికి నా కొడుకు ఇంటికి రావాల. రోజూ రావాల."

నరసన్న తలూపి, పక్క చోటులో ఉన్న వీరన్నను పిలిచాడు. వీరన్న 'ఉన్నాను' అన్నాడు.