జూరాల ఉయ్యాల

వీపనగండ్ల బడిలో చరిత్ర పాఠం చెబుతూ, జూరాల ఆనకట్ట కట్టినప్పటి పాత వీడియో డిజిటల్ బోర్డు మీద పెట్టాను. వ్యాఖ్యాతవన్నీ సిమెంటు గొప్పలే. మనుషుల ఊసే లేదు. తరగతిలోని నిరోష ఇంట్లో మరిచిపోయిన కళ్లద్దాలు తెచ్చిన ఆమె నాయనమ్మ రాధమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“జర ఆపు బిడ్డా!”

ఆపాను. తట్టలు మోసే ఆడవాళ్ల వెనక, కర్రలకు కట్టిన చీర ఉయ్యాల కనిపించింది.

“గది నా చీరనే. అండ్ల మీ నాయిన ఉండె,” అంది మనవరాలితో. “ఎంత ఏడ్సినా మేస్త్రి ఊపనిస్తలేకుండె.”

దగ్గరకొచ్చి ఉయ్యాలను తాకింది. వేలు తగలగానే వీడియో నడిచింది, ఉయ్యాల ఊగింది. ఏదో చెడగొట్టాననుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

నేను వీడియోను మళ్లీ అక్కడే ఆపాను. నిరోష ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఊపవ్వా. ఈడ మేస్త్రి లేడు.”